తాతయ్య సైకిల్‌కి కొత్త వెనక చక్రం

గేర్లు లేని సైకిల్‌ని 'సింగిల్ స్పీడ్' అంటారని మా టికియాపారాలో చాలామందికి తెలియదు. ఇక్కడ దాన్ని సైకిల్ అంటారు, అంతే. పొద్దున ఐదున్నరకి బెలీలియస్ రోడ్డు మీద నిలబడితే వరసగా అవే పోతుంటాయి. పాల క్యాన్లు కట్టినవి, రొట్టెల పెట్టె కట్టినవి, లేత్ షాపులకి ఇనుప కడ్డీలు మోసేవి, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని రైల్వే కార్‌షెడ్డుకి పోయేవి. ముందొక పళ్లచక్రం, వెనకొక పళ్లచక్రం, మధ్యన చైను. మార్చుకోవడానికి ఏమీ ఉండదు. ఎప్పుడైనా గేర్ల సైకిల్ కనబడితే అది ఎవరో పిల్లాడి పుట్టినరోజు కానుక అయి ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి దాని గేరు వైరు తుప్పు పట్టి అదీ ఒక్క గేరు మీదే నడుస్తుంటుంది.

ఈ పేజీల్లో సైకిల్ గురించి రాయడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన పేటల్లో పుట్టినవాళ్లకి మాత్రం ఈ అనుమానం రాదనుకుంటాను. మనవాళ్లలో చాలామందికి సొంత వాహనం అంటే మొదట సైకిలే. దాని మీద కూర్చోనిచ్చిన వీధులేవి, కూర్చోనివ్వని వీధులేవి అన్నది మన ఇళ్లలో పెద్దవాళ్లని అడిగితే ఇప్పటికీ చెబుతారు.

మా నాన్న శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డు పల్లె నుంచి వచ్చి కార్‌షెడ్డులో ఖలాసీగా చేరాడు. టికియాపారా అంటే కోల్‌కతా అని మేము బంధువులకి చెప్పుకుంటాం గానీ, నిజానికి ఇది హుగ్లీ నదికి ఇవతలి ఒడ్డున ఉన్న హౌరా. హౌరా స్టేషన్ నుంచి ఆగ్నేయ రైల్వే లైను మీద లోకల్ రైలెక్కితే మొదటి స్టేషన్ మాదే. తర్వాత దాస్‌నగర్, రామరాజాతల, సాంత్రాగాఛీ. పాత బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు దాకా పోయేది కాబట్టి ఆ పట్టాల వెంబడే మనవాళ్లు ఖరగ్‌పూర్‌కి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు. రైల్వేలో పని దొరకనివాళ్లు జనపనార మిల్లుల్లో చేరారు. ఇరుకు సందులు, ఒకే కుళాయి, నాలుగు భాషలు. ఇంటి పక్కన ఉర్దూ, ఎదురుగా బెంగాలీ, వెనక హిందీ, మా గదిలో శ్రీకాకుళం తెలుగు.

నాన్న 1970లలో రైల్వే ఇచ్చే సైకిల్ అడ్వాన్సు తీసుకుని ఒక సెన్ ర్యాలీ కొన్నాడు. నెలనెలా జీతంలో కోసుకునేవారు. అసన్‌సోల్ దగ్గర కన్యాపూర్‌లో తయారైన బండి అది. ఇంగ్లండులోని ర్యాలీ కంపెనీ పొత్తుతో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత ప్రభుత్వం తీసుకుని సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అని పేరు మార్చింది, ఆ తర్వాత అదీ మూతపడింది. ఫ్యాక్టరీ పోయింది గానీ నాన్న బండి పోలేదు. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీల బ్రేకులు. ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18. ఈ అంకెలు చిన్నప్పుడే లెక్కపెట్టాను, ఎందుకంటే ఆదివారం చైను కడిగే పని నాది.

నాన్నకి ఒక అలవాటుండేది. ఫ్రీవీల్‌లో నూనె ఎక్కువ పోసేవాడు. చుక్క చాలు, ఎక్కువైతే కారి రిమ్ముకి అంటుతుంది, బ్రేకు పట్టదు అని మిస్త్రీలు ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఫ్రీవీల్ చప్పుడు వినబడకూడదు, అదీ ఆయన పట్టుదల. ఆ చప్పుడు మీకు తెలుసు. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంటే టిక్ టిక్ టిక్ అని వస్తుంది. లోపల చిన్న ఇనుప నాలుకలు ఉంటాయి, మిస్త్రీలు వాటిని కుక్కలంటారు. ముందుకి తొక్కితే అవి పళ్లని పట్టుకుని చక్రాన్ని లాగుతాయి. తొక్కడం ఆపితే పళ్ల మీద నుంచి జారుతూ పోతాయి, ఆ జారుడే టిక్కుటిక్కు. పిల్లలందరికీ ఆ చప్పుడు ఇష్టం. మా సందులో కుర్రాళ్లు కావాలని కాళ్లు ఆపి ఆ చప్పుడు చేసుకుంటూ పోయేవాళ్లు. నాన్న మాత్రం పల్లంలో కూడా కాళ్లు ఆపేవాడు కాదు, ఒట్టినే తిప్పుతూ ఉండేవాడు.

ఎందుకో ఆయనే చెప్పాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. మా ఊళ్లో పేట నుంచి తారు రోడ్డుకి పోవాలంటే పెద్దోళ్ల వీధిలోంచే దారి. సైకిల్ మా నాన్న మేనమామది. వీధి మొదట్లో దిగాలి. చెప్పులు విప్పి హ్యాండిల్‌కి తగిలించాలి. బండిని నడిపించుకుంటూ పోవాలి. వీధి చివర వేపచెట్టు దాటాక ఎక్కాలి. సైకిల్‌ని పక్కనుంచి నడిపించుకుంటూ పోయిన ప్రతివాళ్లకీ తెలుసు, పెడళ్లు కదలవు, చక్రం తిరుగుతుంది, ఫ్రీవీల్ టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. ఆ వీధిలో మధ్యాహ్నం పూట వేరే చప్పుడేమీ ఉండదట.

"మూడొందల పది అడుగులమ్మా. లెక్కెట్టుకుంటా ఎల్లిపోయేవోణ్ణి. లెక్కెడితే తల దించుకున్నట్టుండదు, ఏదో పని సేస్తున్నట్టుంటాది" అనేవాడు.

ఈ కథ మా ఒక్క ఊరిది కాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ తమిళనాడులోనూ ఎన్నో ఊళ్లలో సైకిల్ దిగి నడవాల్సి వచ్చింది, కొన్నిచోట్ల నిన్నమొన్నటి దాకా. రెండు గ్లాసుల పద్ధతి గురించి రాసినంతగా దీని గురించి మనం రాసుకోలేదని నా అభిప్రాయం. సైకిల్ మీద కూర్చున్న మనిషి నిలబడ్డవాడి కంటే కొంచెం ఎత్తులో ఉంటాడు, కొంచెం వేగంగా ఉంటాడు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోగలడు. ఈ మూడూ వాళ్లకి కంటగింపే.

హౌరాలో ఎవరూ దిగమనలేదు. నాన్న ఆ బండి మీద పంచాననతల, కదమ్‌తల, శిబ్‌పూర్ అన్నీ తిరిగాడు. సెలవు దొరికిన ఆదివారం బ్రిడ్జి దాటి కాలేజ్ స్క్వేర్‌కి పోయేవాడు. అక్కడ మహాబోధి సొసైటీ వారి ధర్మరాజిక విహారం ఉంది. 1920లో కట్టిన ఆ విహారంలో ఉన్న ధాతువు మన గుంటూరు సీమ భట్టిప్రోలు స్తూపంలో దొరికినది. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి అది మన ఊరివాళ్ల ఇల్లే అన్నంత ధీమాగా పోయేవాడు. మా ఇంటి నుంచి ఐదు కిలోమీటర్ల దారి.

నాన్న పోయి కొన్నేళ్లయింది. బండి మా వరండాలో గోడకి వేలాడుతోంది. నేను బీమా పాలసీలు కట్టించే పని చేస్తాను, ఇరవై రెండేళ్లుగా నాది ఒక లేడీస్ సైకిల్, అదీ గేర్లు లేనిదే. మా అన్నయ్య కొడుకు ఫోన్లో ఆర్డర్లు చూసుకుని ఇళ్లకి భోజనాలు చేరవేసే పని చేస్తున్నాడు. వాడు కిందటి వేసవిలో వచ్చి, "అత్తా, తాతయ్య బండి నాకియ్యి. ఫిక్సీ చేయిస్తాను" అన్నాడు.

"ఫిక్సీ అంటే ఏట్రా?"

"ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతాది. కాలు ఆపడానికుండదు."

కాలు ఆపడానికి లేని సైకిల్ ఎవరికి కావాలి? నా మొదటి ప్రశ్న అది. వాడు ఫోను తీసి నాకు చూపించినవాటిలో సగం ఊరికే ఫ్యాషన్. న్యూయార్కులో కొరియర్ కుర్రాళ్లు బ్రేకుల్లేని బళ్ల మీద కార్ల మధ్య దూరిపోవడం, సన్నటి రంగురంగుల టైర్లు, సైకిల్‌ని గోడకి ఆనించి తీసిన ఫోటోలు. మిగతా సగంలో నాకు కొంత సంగతి కనబడింది. అది చెబుతాను.

మొదట్లో సైకిళ్లన్నీ ఇలాంటివే. 1885లో ఇంగ్లండులో స్టార్లీ చేసిన రోవర్ సైకిల్‌ని ఇప్పటి సైకిళ్లకి ముత్తాత అంటారు. దానికీ పెడల్‌కీ వెనక చక్రానికీ విడదీయని ముడి. పల్లం వస్తే కాళ్లు పెడల్ మీంచి తీసి ముందు ఫోర్కుకి పెట్టిన చిన్న మెట్ల మీద ఆనించేవాళ్లు, కింద పెడళ్లు వాటంతటవి గిరగిరా తిరిగేవి. ఫ్రీవీల్ అందరికీ అందింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. గేర్లు ఇంకా ఆ తర్వాత. టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని 1903లో మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్ గేర్లు మార్చే యంత్రం నలభై అయిదేళ్లు దాటినవాళ్లకే తగినదని రాశాడు, 1937 దాకా తన పందెంలోకి దాన్ని రానివ్వలేదు. కొండలొస్తే పోటీదారులు దిగి, వెనక చక్రం విప్పి, తిరగేసి బిగించుకునేవారు. ఒక పక్క ఒక పళ్లచక్రం, రెండో పక్క ఇంకోటి. దెగ్రాంజ్ స్వయంగా 1893లో ఫిక్స్‌డ్ సైకిల్ మీద గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి మొట్టమొదటి గంట రికార్డు పెట్టినవాడు కాబట్టి ఆయన మొండితనానికి ఒక అర్థం ఉంది. కానీ తాను కూర్చుని కొండ మీదకి ఇంకొకర్ని గేరు లేకుండా తొక్కమనే పెద్దమనిషిని నేను మెచ్చుకోలేను.

ట్రాకు మీద పందేలకి ఇప్పటికీ ఫిక్స్‌డ్ బళ్లే. జపానులో 1948లో కొకురా ఊళ్లో కేరిన్ అని ఒక పందెం మొదలైంది, జనం దాని మీద డబ్బు కాస్తారు. ఆ బళ్లకి బ్రేకులుండవు. 2000 సిడ్నీ నుంచి అది ఒలింపిక్స్‌లో ఉంది. మా వాడికి ఆ పందెం మీద మోజు అండమాన్ కుర్రాడు ఈసో ఆల్బెన్ వల్ల వచ్చింది. 2018లో స్విట్జర్లాండులో జూనియర్ ప్రపంచ పోటీల్లో కేరిన్‌లో వెండి పతకం తెచ్చాడు. ప్రపంచ స్థాయి సైక్లింగ్ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకం. నికోబార్ పిల్లాడికి సాధ్యమైంది టికియాపారా పిల్లాడికి ఎందుకు కాదు అని వాడు పైకి అనడు గానీ మనసులో ఉందని నాకు తెలుసు. వాడికి ఇరవై మూడు.

ఇక మోజు పక్కనపెట్టి లెక్క చూద్దాం. 44 పళ్లు, 18 పళ్లు, 28 అంగుళాల చక్రం. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం రెండున్నర చుట్లకి కొంచెం తక్కువ తిరుగుతుంది, బండి దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఇరవై కిలోమీటర్లు. హౌరాకి, కోల్‌కతాకి ఇది సరిపోయిన కొలత. ఇది డెల్టా నేల, బల్లపరుపు. ఇక్కడ కొండంటే ఫ్లైఓవరు, లోయంటే రైలు పట్టాల కింద దారి. అందుకే గేర్లు లేని బండి ఇక్కడ పేదరికం వల్ల మాత్రమే బతకలేదు, నేల వల్ల కూడా బతికింది. సింహాచలం ఘాటు మీదో అరకు దారిలోనో ఇదే బండి ఇచ్చి తొక్కి చూడమంటే ఎవరూ పాట పాడుకుంటూ తొక్కరు.

రెండో సంగతి వాన. మా సందుల్లో జూలై వస్తే మోకాటి లోతు నీళ్లు. ఆ నీళ్లలో గేర్ల యంత్రం, సన్నటి వైర్లు, చిన్నచిన్న స్ప్రింగులు బతకవు. ఒక పళ్లచక్రం బండికి హబ్బు విప్పి, బాల్స్ కిరోసిన్‌లో కడిగి, గ్రీజు పెట్టి బిగిస్తే చాలు. పాతిక రూపాయల సామానుతో రోడ్డు పక్క మిస్త్రీ ఎవరైనా చేస్తాడు. ఒక రెంచి, ఒక సుత్తి, కాటర్ పిన్ను కొట్టడానికి ఒక ఇనుప ముక్క, అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్లలో నేను సైకిల్ కారణంగా పనికి ఆలస్యమైన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టగలను, అవీ పంక్చర్లే.

మూడో సంగతి మా వాడు చెప్పాడు, అది విన్నాకే నేను చెవి ఒగ్గాను. కడ్డీల బ్రేకు అంటే రబ్బరు ముక్క ఇనుప రిమ్ముకి లోపలివైపు నుంచి ఒత్తుకోవడం. తడిసిన ఇనుము మీద రబ్బరు పట్టదు. వానలో బ్రేకు నొక్కినా బండి తన దారిన తాను పోతుండటం మనందరికీ అనుభవమే, చెప్పు కాలు నేలకి రాసి ఆపుకుంటాం. ఫిక్స్‌డ్ బండికి కాళ్లే బ్రేకు. పెడల్‌ని వెనక్కి అదిమితే చక్రం నెమ్మదిస్తుంది, రిమ్ము తడిసినా పొడిగా ఉన్నా సంబంధం లేదు. "వానలో నేను పన్నెండు గంటలు తొక్కుతాను అత్తా. నీకంటే బ్రేకు సంగతి నాకెక్కువ తెలుసు" అన్నాడు. ఆ మాట నిజమే.

కానీ కాళ్లే చాలు, చేతి బ్రేకు తీసేస్తానన్నాడు చూడండి, అక్కడ మాకు పెద్ద గొడవయింది. వెనక చక్రం ఒక్కటే ఆగితే బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది, బరువంతా ముందుకి పోతుంది కాబట్టి గట్టిగా ఆపేది ముందు బ్రేకే. ఇంగ్లండులో చట్టం కూడా ఫిక్స్‌డ్ చక్రాన్ని ఒక బ్రేకు కిందే లెక్కేసి, ముందు బ్రేకు తప్పనిసరి అంటుంది. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ బండి తగిలి రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయింది, ఆ కుర్రాడికి మరుసటి ఏడాది పద్దెనిమిది నెలల శిక్ష పడింది. బెలీలియస్ రోడ్డు మీద అడుగడుక్కీ ఒక మేక, ఒక తోపుడు బండి, పరిగెత్తే పిల్లాడు. ఇక్కడ బ్రేకు తీసేయడం ధైర్యం కాదు, పక్కవాడి కాళ్ల మీద మన సరదా. వాడితో ఆ మాటే అన్నాను. తాతయ్య బండి కావాలంటే రెండు బ్రేకులూ ఉండాలి, చైను కవరు ఉండాలి, పాత చక్రం విప్పకుండా అలాగే దాచాలి. ఈ మూడింటిలో ఏది కాదన్నా బండి గోడ మీదే ఉంటుంది.

చైను కవరు సంగతి ఆడవాళ్లు గుర్తుంచుకోవాలి. మామూలు సైకిల్లో చున్నీ చైనులో పడితే కాలు ఆపుతాం, చైను ఆగుతుంది. ఫిక్స్‌డ్ బండిలో చక్రం ఆగేదాకా చైను లాగుతూనే ఉంటుంది. స్టాండు వేసి చక్రం తిప్పుతూ చైను తుడిచేటప్పుడు వేలు పడినా అంతే.

హబ్బు ఇక్కడే చేయించాడు. హౌరాలో లేత్ లేని సందు ఉండదు, ఒకప్పుడు దీన్ని తూర్పు దేశాల షెఫీల్డ్ అనేవారు. మా సందు చివర ఉన్న ముసలి మిస్త్రీని పిల్లలంతా చాచా అంటారు. ఆయన ముందు నవ్వాడు. ఫ్రీవీల్ కుక్కలు పోయినప్పుడు పాతకాలంలో వెల్డింగ్ పెట్టి బిగించేసేవాళ్లం, దానికి ఇప్పుడు పేరు కూడా పెట్టారా అన్నాడు. వెల్డింగ్ వద్దని ఆయనే చెప్పాడు. మామూలు హబ్బు మీద ఉండే మర ముందుకి తొక్కేకొద్దీ బిగుసుకుంటుంది. వెనక్కి అదిమితే విప్పుకుంటుంది. నడిరోడ్డు మీద కాలితో బ్రేకు వేసేసరికి పళ్లచక్రం మర విప్పుకుని వచ్చేస్తే కాళ్ల కింద ఏమీ మిగలదు. అందుకని పళ్లచక్రానికి బయటివైపు ఇంకో రింగు ఉండాలి, దాని మర ఎడమవైపు తిరగాలి. పళ్లచక్రం విప్పుకోబోతే ఆ రింగు ఇంకా బిగుస్తుంది. ఈ ఎడమ మర కోయడానికి చాచా ఒక పూటంతా తీసుకున్నాడు. హబ్బు రెండో పక్క మామూలు మర పెట్టి ఫ్రీవీల్ బిగించాడు. చక్రం తిరగేస్తే ఒక పక్క ఫిక్స్‌డ్, ఇంకో పక్క ఫ్రీ. దెగ్రాంజ్ కాలం నాటి ఉపాయమే. 40 రంధ్రాల పాత కొలత రిమ్ము మా వీధి చివర దుకాణంలోనే దొరికింది, కాబట్టి వెనక కడ్డీ బ్రేకు కూడా పనిచేస్తోంది. పాత బళ్ల వెనక ఫోర్కులో ఇరుసు దూరే గాడి పొడుగ్గా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి జరిపి చైను బిగించుకోవచ్చు. ఫిక్స్‌డ్ బండికి చైను వదులుగా ఉండకూడదు, అందుకే గేర్ల సైకిల్ కంటే తాతల నాటి బండే దీనికి బాగా కుదిరింది.

ఒక ఆదివారం తెల్లవారుజామున నేను కూడా తొక్కాను. ఈస్ట్ వెస్ట్ బైపాస్ మీద ఆ వేళకి లారీలు తక్కువ. ఎక్కిన కాసేపు తేడా ఏమీ తెలియలేదు. అలవాటుగా కాలు ఆపేసరికి పెడలు నా పాదాన్ని కింద నుంచి ఎత్తి విసిరినట్టయింది. నలభై ఏళ్లుగా తొక్కుతున్న కాళ్లకి నేనెప్పుడు ఆగుతున్నానో అంతవరకూ తెలియనే తెలియదు. ప్రతి పది చుట్లకీ ఒకసారి ఆగుతున్నాను. గుంత చూస్తే ఆగుతాను, మనిషిని చూస్తే ఆగుతాను, ఏమీ లేకపోయినా ఆగుతాను. ఈ బండి మీద ఆగడానికి లేదు కాబట్టి ముందే చూడాలి. ఇరవై అడుగుల అవతల రిక్షా ఏం చేయబోతుందో ఇప్పుడే ఊహించి కాలి బరువు తగ్గించాలి. పావుగంట తర్వాత కాళ్లు దారి మాట వింటున్నట్టు అనిపించింది. రోడ్డు గరుకుదనం, ఎదురుగాలి, టైరులో గాలి కొంచెం తగ్గడం, అన్నీ పాదానికి తెలుస్తున్నాయి. ఇదీ వీళ్లకి నచ్చేదని అర్థమైంది. పిల్లలు ఊరికే చెప్పడం లేదు. మోకాళ్లు మాత్రం రెండు రోజులు నొప్పి పెట్టాయి. యాభై దగ్గర పడినవాళ్లు నిదానంగా మొదలుపెట్టండి.

ఒక్క మాటలో మాత్రం ఈ ఫిక్సీ కుర్రాళ్లతో నాకు పేచీ ఉంది. గేర్లు లేకపోవడమే స్వచ్ఛత, గేర్లున్నవాడు బలహీనుడు అన్నట్టు మాట్లాడతారు. అరవై కిలోల కడ్డీలు కట్టుకుని ఫ్లైఓవరు ఎక్కేవాడిని అడిగితే రెండు గేర్లుంటే బాగుండేదంటాడు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన సబుజ్ సాథీ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకి సైకిళ్లు ఇస్తున్నారు, ఇప్పటికి కోటికి పైగా ఇచ్చారు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్లకి చదువుతో పాటు సైకిల్ నేర్పింది. అవన్నీ ఒక్క పళ్లచక్రం బళ్లే. అవి తొక్కినవాళ్లెవరూ దాన్ని సిద్ధాంతంగా ఎంచుకోలేదు. అందిన బండి అది, పోవలసిన చోటికి పోయారు.

ఇక ఊరు దాటే సంగతి. కోల్‌కతాలో 2008లో 38 రోడ్ల మీద సైకిళ్లు పోకూడదన్నారు, 2013కి వాటిని 174 రోడ్లు చేశారు. నిరసనలు జరిగాక ఆ సంఖ్య తగ్గించారు. 2020లో లాక్‌డౌన్ సడలించినప్పుడు బస్సుల్లేక జనం సైకిళ్లు ఎక్కితే కొన్ని రోడ్లు తెరిచారు. కారుకి అడ్డొస్తుందని పాలవాడి సైకిల్‌ని సందుల్లోకి తోశారు, అంతకంటే దానికి వేరే కారణం నాకు కనబడదు. నిషేధం ఉన్న రోడ్డు మీద సైకిల్ దిగి నడిపించుకుంటూ పోతే సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. నాన్న చివరి రోజుల్లో ఒకసారి అలా నడిపించుకుంటూ వెళ్లి వచ్చాడు. ఇంటికొచ్చి ఎవరితోనూ ఏమీ అనలేదు, నూనె డబ్బా తీసి ఫ్రీవీల్‌లో పోస్తూ కూర్చున్నాడు.

మా వాడికి ఈ సంగతి నేనే చెప్పాను, పనిలో పనిగా పెద్దోళ్ల వీధి, మూడొందల పది అడుగులు కూడా చెప్పాను. వాడు వినేసి ఊరుకున్నాడు. తర్వాత ఒక రోజు వరండాలో బండిని అటూ ఇటూ నడిపిస్తూ, "సూడు అత్తా, ఇది సప్పుడు సెయ్యదు" అన్నాడు. నిజమే. ఫిక్స్‌డ్ పక్కన ఉన్నప్పుడు బండిని నడిపిస్తే పెడళ్లు వాటంతటవి తిరుగుతాయి, టిక్కుమని వినబడదు. అది నేను అంతకుముందు గమనించలేదు.

ఇప్పుడు వాడు పని రోజుల్లో చక్రం ఫ్రీ పక్కకి తిప్పుకుంటాడు. వీపు మీద పెద్ద పెట్టె, కాళ్లకి విశ్రాంతి కావాలి కదా. శనివారం రాత్రి రెంచి తీసుకుని వరండాలో కూర్చుని ఫిక్స్‌డ్ పక్కకి తిరగేస్తాడు, పది నిమిషాల పని. ఆదివారం కాలేజ్ స్క్వేర్ దాకా పోయొచ్చి లెక్క చెబుతాడు. పోవడానికి తొమ్మిది వందల పైచిలుకు చుట్లు, రావడానికి అంతే, ఒక్కటీ ఎగ్గొట్టడానికి ఉండదు.

సంక్రాంతికి ఊరు వెళతానంటున్నాడు. ఆ వీధి ఇప్పుడు సిమెంటు రోడ్డయిందని, వేపచెట్టు కొట్టేశారని, పేట పిల్లలు మోటారు సైకిళ్ల మీద కూడా పోతున్నారని చిన్నాన్న ఫోన్లో చెప్పాడు. అయినా పెళ్లి ఊరేగింపులప్పుడు ఇంకా మాటలొస్తుంటాయట. వాడు బండి మొత్తం తీసుకెళ్లడం లేదు, చక్రం ఒక్కటే గోనె సంచిలో కట్టుకుని ఆముదాలవలసలో దిగుతాడు. చిన్నాన్న సైకిల్‌కి కూడా 28 అంగుళాల చక్రాలే, ముందు 44 పళ్లే. దాని ముందు బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయని విని, అవి మార్పించి ఉంచమని నిన్ననే ఫోన్ చేసి చెప్పాను.